హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్

గుండె ఒక క్రమంలో కొట్టుకుంటుంది. కుడి కర్ణిక పైభాగంలోని సిరాకర్ణికా కణుపులో విద్యుత్ ప్రేరణ పుడుతుంది. దాంతో కర్ణికలు ముడుచుకుని రక్తాన్ని జఠరికల్లోకి నెడతాయి. ప్రేరణ కర్ణికాజఠరికా కణుపు దగ్గర క్షణకాలం ఆగి కిందికి దిగుతుంది. అప్పుడు రెండు జఠరికలూ ఒక్కసారిగా ముడుచుకుని రక్తాన్ని ధమనుల్లోకి తోస్తాయి. విశ్రాంతిలో ఉన్న మనిషి గుండె ఇలా నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని పంపుతుంది. ఈ కణుపుల సంగతి 1906-07లో గాని బయటపడలేదు. అంతకుముందే, గుండె ఎప్పుడు ఆగుతుందన్న ప్రశ్న హైదరాబాదును ప్రపంచ వైద్యుల నోట నిలిపింది.

1847లో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాంను మత్తుమందుగా వాడుకలోకి తెచ్చారు. మరుసటి ఏడాదే ఇంగ్లండ్‌లో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ల అమ్మాయి కాలిగోరు తీయించుకోబోతూ ఆ మత్తులోనే చనిపోయింది. అలాంటి మరణాలు పెరిగేకొద్దీ వైద్యులు రెండు పక్షాలయ్యారు. ముందు ఆగేది గుండే కాబట్టి నాడి పట్టి చూడాలని ఒక పక్షం, ఆగేది ఊపిరే కాబట్టి శ్వాసను గమనిస్తే చాలని మరో పక్షం.

హైదరాబాద్ వైద్య పాఠశాల అధిపతి, రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ రెండో పక్షం వారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వ అండతో 1888లో ఆయన మొదటి కమిషన్ నడిపారు. కుక్కల మీద జరిపిన ఆ పరీక్షల్లో ఊపిరే ముందు ఆగిందని తేల్చారు. లండన్ వైద్య పత్రిక లాన్సెట్ దాన్ని నమ్మలేదు. అయితే మీ ప్రతినిధిని పంపండంటూ నిజాం 1,000 పౌన్లు ఇచ్చారు. 1889లో వచ్చిన లాడర్ బ్రంటన్ గుండె పక్షం వారే. కానీ రెండో కమిషన్ నాలుగు వందలకు పైగా జంతువుల మీద జరిపిన పరీక్షలు చూశాక ఆయన అభిప్రాయం మారింది. ఈ పనిలో పాఠశాల విద్యార్థిని రూపాబాయి ఫర్దూంజీ కూడా పాల్గొన్నారు. తర్వాతి కాలంలో ఆమె తొలితరం మహిళా మత్తువైద్యుల్లో ఒకరిగా పేరు పొందారు.

1890లో నివేదిక వెలువడినా వాదం ఆగలేదు. 1911లో ఎ.జి. లెవీ పిల్లుల మీద పరీక్షలు చేసి అసలు కిటుకు పట్టుకున్నారు. క్లోరోఫాం మోతాదు మించితే ఊపిరి ముందు ఆగుతుంది. హైదరాబాద్ పరీక్షల్లో ఎక్కువగా జరిగింది అదే. మత్తు పలచగా ఉన్నప్పుడు సంగతి వేరు. క్లోరోఫాం గుండె కండరాన్ని అడ్రినలిన్‌కు అతిగా స్పందించేలా చేస్తుంది. భయంతో ఒంట్లో అడ్రినలిన్ పెరగగానే జఠరికల కండరపోగులు ఏ పోగుకాపోగుగా అదురుతాయి. అన్నీ కలిసి ముడుచుకోవు కాబట్టి రక్తం కదలదు. హానా వంటి వారి ఆకస్మిక మరణాలకు ఇదే కారణమని తర్వాతి వైద్యులు భావించారు.

క్లోరోఫాం ఆపరేషన్ గదుల నుంచి ఎప్పుడో వెళ్లిపోయింది. లారీ పాఠశాల ఉస్మానియా వైద్య కళాశాలగా ఎదిగింది. నేటి మత్తువైద్యులు నాడినీ, ఊపిరినీ రెండింటినీ కనిపెట్టి ఉంటారు.