బెంజి లారీ ఇంజిన్ ఎన్నేళ్లు బతుకుతుంది?

గురజాల కుర్రాడు చరిత్ర వీడియో చేస్తున్నాడంటే నాగమ్మ, బ్రహ్మనాయుడు, కోడిపందెం అనుకుంటారు. అది ఇంకోరోజు. ఈ రోజు చెప్పేది కూడా మన ఊరి చరిత్రే, కాకపోతే కొంచెం డీజిల్ వాసన వస్తుంది. ప్రశ్న చిన్నది. పాత లారీ ఇంజిన్‌ని సరిగ్గా చూసుకుంటే ఎన్నాళ్లు బతుకుతుంది?

నాకెందుకు ఈ ప్రశ్న అంటే, మా ఇంట్లో ఒకే రకం లారీలు రెండు ఉండేవి. ఒకటి పెదనాన్నది, ఒకటి నాన్నది. రెండూ సెకండ్ హ్యాండే. రెండూ పిడుగురాళ్ల, దాచేపల్లి వైపు సున్నపురాయి తోలినవే. పెదనాన్న బండి ఇంజిన్ ఇప్పటికీ నడుస్తోంది. నాన్న బండి ఇంజిన్ కొన్న ఎనిమిది నెలలకే పోయింది. ఎందుకు పోయిందో తర్వాత చెప్తాను. ముందు అసలు ఈ ఇంజిన్ మన దాకా ఎట్లా వచ్చిందో చూద్దాం.

1892లో రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజినీర్ పేటెంట్‌కి దరఖాస్తు పెట్టాడు. 1897లో ఆగ్స్‌బర్గ్‌లో ఇంజిన్ నడిపి చూపించాడు. ఆయన ఐడియాలో స్పార్క్ ప్లగ్గే లేదు. గాలిని బాగా నొక్కితే వేడెక్కుతుంది కదా, సైకిల్‌కి గాలి కొట్టేటప్పుడు పంపు కాలుతుంది చూడండి, అదే సంగతి. మన పాత లారీల్లో గాలిని 17వ వంతుకు నొక్కుతారు. ఆ వేడిగాలిలోకి డీజిల్ చిమ్మితే అదే అంటుకుంటుంది. అంత ఒత్తిడి తట్టుకోవాలంటే బ్లాక్, క్రాంక్, బేరింగ్‌లు అన్నీ దిట్టంగా ఉండాలి. తిరిగేది కూడా నిదానంగానే. పెట్రోల్ కారు 6000 ఆర్‌పీఎం దాకా పోతే, ఈ లారీ ఇంజిన్ 2800 దగ్గర ఆగిపోతుంది. బరువు ఎక్కువ, పరుగు తక్కువ. దాని ఆయుష్షులో సగం అక్కడే ఉంది.

ఇక మన దేశానికి వద్దాం. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోల్‌కి రేషన్ పెడితే బస్సుల వెనక బొగ్గు పొయ్యిలు కట్టి, ఆ గ్యాస్‌తో నడిపారు. మీ తాతల్ని అడగండి, బొగ్గు బస్సు కథలు చెప్తారు. స్వాతంత్ర్యం వచ్చాక సీన్ మారింది. 1948లో మద్రాసు దగ్గర అశోక్ మోటార్స్ మొదలైంది. ఇంగ్లండ్ కంపెనీ లేలాండ్‌తో చేయి కలిపి 1955లో అశోక్ లేలాండ్ అయింది. 1951లో బాష్ సహకారంతో బెంగళూరులో మైకో పుట్టింది. డీజిల్ పంపులు, నాజిళ్లు దాంతోనే మన దగ్గర తయారవడం మొదలైంది. 1954లో జంషెడ్‌పూర్‌లో టెల్కో, అంటే ఇప్పటి టాటా మోటార్స్, జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో 15 ఏళ్ల ఒప్పందం చేసుకుంది. బండి ముందు బెంజ్ నక్షత్రం ఉండేది. 1969లో ఒప్పందం అయిపోయింది, నక్షత్రం పోయింది. మన వాళ్ల నోట్లో మాత్రం అది "బెంజి లారీ"గానే ఉండిపోయింది.

ఇదే టైంలో మన పక్కన ఏం జరుగుతోంది? 1955 డిసెంబర్ 10న నాగార్జున సాగర్‌కి నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. పల్నాడులో మిర్చి, పత్తి పెరిగాయి. మిర్చి గుంటూరు యార్డుకి పోవాలి. సున్నపురాయి బట్టీలకి, సిమెంటు ఫ్యాక్టరీలకి పోవాలి. ఈ మోతంతటికీ లారీ కావాలి. అట్లా మన ఊళ్లలో ఒక లారీ కొనుక్కుని బతికే ఇళ్లు తయారయ్యాయి. మాది అలాంటి ఇల్లే.

పెదనాన్న బండిలో ఉన్నది 697 ఇంజిన్. ఆ నంబర్‌లో ఒక చిన్న రహస్యం ఉంది. 6 అంటే ఆరు సిలిండర్లు, 97 అంటే సిలిండర్ వెడల్పు 97 మిల్లీమీటర్లు. 497 అంటే నాలుగు సిలిండర్లు, వెడల్పు అదే. ఇంజిన్ పేరులోనే దాని కొలత ఉంది. ఎందుకంటే ఇది విప్పడానికి, కొలవడానికి, మళ్లీ బిగించడానికి తయారైన ఇంజిన్. సిలిండర్ అరిగితే లైనర్ మారుస్తారు. పిస్టన్, రింగులు కొత్తవి వేస్తారు. క్రాంక్ అరిగితే పావు మిల్లీమీటర్ సాన పట్టి, ఆ సైజు బేరింగ్ వేస్తారు. తర్వాత అర, ముప్పావు, ఒక మిల్లీమీటర్. అంటే ఒకే క్రాంక్‌కి నాలుగు అవకాశాలు. ఈ పనులన్నీ విజయవాడ ఆటోనగర్‌లో జరిగిపోతాయి.

ఇప్పుడు లెక్క. మంచి రోడ్డు, టైంకి ఆయిల్, శుభ్రమైన గాలి ఉంటే ఇలాంటి ఇంజిన్ హెడ్ ఎత్తకుండా 3 నుంచి 5 లక్షల కిలోమీటర్లు నడవగలదు. క్వారీ బండికి అందులో సగం వచ్చినా గొప్పే. లెక్క కోసం ఒక్కో రిపేరుకి 3 లక్షలు వేసుకోండి. మొదటి జీవితం ఒకటి, క్రాంక్ ఇచ్చే నాలుగు అవకాశాలు నాలుగు. మొత్తం 15 లక్షల కిలోమీటర్లు. రోజుకి 150 కిలోమీటర్లు తిరిగే బండికి అది 27 ఏళ్ల పని.

ప్రపంచంలో కూడా ఇదే కథ. గ్రీస్‌లో గ్రెగోరియోస్ సాకినిడిస్ అనే టాక్సీ డ్రైవర్ 1976 మోడల్ బెంజ్ డీజిల్ కారుని 46 లక్షల కిలోమీటర్లు నడిపాడు. 2004లో అది కంపెనీ మ్యూజియానికి చేరింది. వినగానే అబ్బో ఏం ఇంజిన్ అనిపిస్తుంది. అసలు విషయం ఏంటంటే, ఆయన స్పేర్ ఇంజిన్లు పెట్టుకుని, ఒకటి బండిలో ఉంటే ఇంకోటి బాగు చేయించుకుంటూ మార్చుకున్నాడు. ఆ 46 లక్షల్లో ఇనుము గొప్పతనం ఎంతుందో, ఆయన ఓపిక కూడా అంతే ఉంది.

మరి ఇంజిన్‌ని చంపేది ఏంటి? మన పల్నాడులో మూడున్నాయి. మొదటిది వేడి. రెంటచింతల ఎండ గురించి మీకు చెప్పక్కర్లేదు, 45 డిగ్రీలు దాటడం మనకి కొత్త కాదు. రేడియేటర్‌లో ఉప్పునీళ్లు పోస్తే లోపల చౌడు కడుతుంది, నీళ్లు తిరగవు, హెడ్ గ్యాస్కెట్ పోతుంది. రెండోది మురికి. పాత పంపులో ప్లంజర్‌కి, దాని గొట్టానికి మధ్య సందు 2 నుంచి 4 మైక్రాన్లు. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. డీజిల్‌లో కాస్త నలక ఉన్నా పంపు గీసుకుపోతుంది. పైగా 1990ల మధ్య దాకా మన డీజిల్‌లో గంధకం 1 శాతం వరకు ఉండేది. అది కాలాక ఆమ్లం అవుతుంది. ఆ ఆమ్లాన్ని విరిచేది ఇంజిన్ ఆయిలే. ఆయిల్ ముసలిదైతే ఆమ్లం లైనర్‌ని తినేస్తుంది. అందుకే పాత డ్రైవర్లు అన్నం మానేసినా ఆయిల్ చేంజ్ మానేవాళ్లు కాదు.

మూడోది దుమ్ము. నాన్న బండి కథ ఇదే. ఎయిర్ క్లీనర్ నుంచి ఇంజిన్‌కి పోయే రబ్బరు గొట్టం కింది వైపు చిట్లింది. పైకి కనపడదు. బండి రోజూ రాయి లోడుకి పోతోంది, దుమ్ము ఫిల్టర్‌ని తప్పించుకుని నేరుగా లోపలికి పోతోంది. ఆ దుమ్ము ఆయిల్‌లో కలిస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే. ముందు పికప్ తగ్గింది. తర్వాత ఆయిల్ తాగడం మొదలైంది. తర్వాత బ్రీదర్ నుంచి పొగ. నాన్న "ఈ లోడు కానీ, ఈ వాయిదా కట్టనీ" అనుకుంటూ నడిపాడు. ఫైనాన్స్ వాయిదా ఆగదు కదా. విప్పేసరికి ఆరు లైనర్లూ, క్రాంకూ అన్నీ పోయాయి. బాగు చేయించే డబ్బు లేక బండి అమ్మేశాం. నా బీటెక్ అప్పు మీద సాగింది. ఆ గొట్టం ఖరీదు ఒక పూట భోజనం అంత. తప్పు ఎవరిదీ కాదు, మాదే.

పెదనాన్న ఏం చేశాడు? ఆయన దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. ఆయిల్ ఎప్పుడు మార్చాడు, ఫిల్టర్ ఎప్పుడు కడిగాడు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, అన్నీ రాసేవాడు. నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో చేరాక అర్థమైంది, మేము లాగ్ ఫైల్ అనేది అదే. రోజూ పొద్దున చేత్తో గొట్టాలన్నీ తడిమి చూశాకే సెల్ఫ్ కొట్టేవాడు. "ఇంజిను చావదురా అబ్బాయ్, మనమే చంపుతాం" అనేవాడు.

ఇక్కడ ఒక నిజం కూడా ఒప్పుకోవాలి. ఇంజిన్ బతికినంత మాత్రాన లారీ రోడ్డు మీద ఉండాలని లేదు. పాత ఇంజిన్‌కి మసిని పట్టే ఫిల్టర్ లేదు. దాని వెనక బైక్ మీద పోయే మనం ఆ పొగ పీలుస్తాం. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లు ఆ మసిని చాలా ఆపుతాయి, వాటికి వాడే డీజిల్‌లో గంధకం 10 పీపీఎం మించదు. 2021లో తుక్కు పాలసీ వచ్చింది. పదిహేనేళ్లు దాటిన కమర్షియల్ బండి ఫిట్‌నెస్ పాస్ కాకపోతే స్క్రాప్‌కే. పెదనాన్న బండి పోయింది కూడా అట్లానే. ఛాసిస్ తుప్పు పట్టింది, బ్రేకులు నిలవలేదు. ఇంజిన్‌ని మాత్రం ఒకాయన కొని క్రషర్ దగ్గర జనరేటర్‌కి బిగించాడు. మొన్న సంక్రాంతికి వెళ్లి విన్నాను. ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది.

కాబట్టి జవాబు ఇదీ. కొలిచి బాగు చేసే మనిషి, దొరికే స్పేర్ పార్టులు, రోజూ తడిమి చూసే చెయ్యి ఉన్నంత కాలం ఆ ఇంజిన్ ఉంటుంది. కొత్త బండ్లలో పంపు ఒత్తిడి 1600 బార్ పైమాటే, సెన్సార్లు, యూరియా ట్యాంకు, ల్యాప్‌టాప్ లేకుండా మెకానిక్ చెయ్యి పెట్టలేడు. కానీ దుమ్ముకి బీఎస్-6 అని తెలియదు. చిట్లిన గొట్టం దాన్ని కూడా అంతే చంపుతుంది.

మీ ఇంట్లో లారీ గానీ, ట్రాక్టర్ గానీ ఉంటే రేపు పొద్దున ఒక పని చేయండి. ఎయిర్ క్లీనర్ గొట్టం కింద వేలు పెట్టి చూడండి. తర్వాత ఫోన్‌లో ఒక నోట్ తెరిచి, తారీఖు, కిలోమీటర్లు రాయండి. నాన్నకి చెప్పకపోయినా పర్లేదు, మీరే మొదలుపెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.