ఫర్మ్‌వేర్ మారిన పిదప నిల్వ పెట్టె ఏల కనబడదు?

రాయలసీమ రైతు పూర్వము ధాన్యమును పాతరలో దాచెడివాడు. నేల త్రవ్వి, ధాన్యము పోసి, మూత వేసి, పైన మట్టి కప్పి, అవసరమైనపుడు తీసికొనెడివాడు. నేటి ఇంటిలో దాచవలసినది ధాన్యము మాత్రమే కాదు. పెండ్లి ఫొటోలు, పొలము కాగితముల నకళ్లు, పిల్లల మార్కుల పట్టికలు, ఉపాధ్యాయుడు ఏండ్ల తరబడి తయారుచేసికొనిన పాఠములు, ఇవన్నియు అంకెల రూపమున హార్డ్ డిస్కులలో ఉన్నవి. ఇంటిలోని కంప్యూటరు, ఫోను, టెలివిజను అన్నియు వాడుకొనుటకు వీలుగా రౌటరునకు తగిలించి ఉంచు హార్డ్ డిస్కుల పెట్టెను నెట్‌వర్కు నిల్వ పెట్టె అనవచ్చును. వాడుకలో దీనిని 'నాస్' అందురు.

ఈ పెట్టెను గూర్చి తరచుగా వినవచ్చు ఫిర్యాదు ఒకటి కలదు. "రాత్రి ఫర్మ్‌వేర్ మార్చితిమి. తెల్లవారుసరికి పెట్టె కనబడుట లేదు. దీపములు వెలుగుచునే ఉన్నవి, ఫొటోలు మాత్రము లేవు" అని. ఇట్టి సమయమున ఇంటివారు భయపడి తొందరలో చేయు పనుల వలననే తరచుగా నిజమైన నష్టము కలుగుచుండును. పెట్టె కనబడకపోవుట వేరు; అందలి వస్తువు పోవుట వేరు. ఈ భేదము తెలియవలెనన్న, ఆ పెట్టె ఎట్లు ఏర్పడినదో, అది కంప్యూటరుతో ఏ భాషలో మాటలాడునో, ఆ భాష ఏల మారినదో తెలిసికొనవలెను.

పెట్టెలోని పొరలు

అడుగున ఉన్నది డిస్కు. 1956లో ఐ.బి.ఎమ్. సంస్థ 'రామాక్' అను యంత్రముతో పాటు మొదటి హార్డ్ డిస్కును లోకమునకు చూపినది. 24 అంగుళముల వ్యాసము గల 50 పళ్లెములు అందులో తిరుగుచుండెను. ఇంత చేసి అందులో పట్టినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. నేటి ఫోనుతో తీసిన ఒక్క ఫొటోకు అది చాలీచాలని చోటు.

దానిపై పొర డిస్కుల కూటమి. ఒక డిస్కు చెడిపోయినను పని ఆగకుండ అనేక డిస్కులను జతపరచు పద్ధతులను బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున డేవిడ్ పాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ అను మువ్వురు 1988లో ఒక పత్రమున క్రమబద్ధముగా వివరించిరి. 'రెయిడ్' అను పేరు అప్పటిదే.

మూడవ పొర ఫర్మ్‌వేర్. యంత్రభాగములను హార్డ్‌వేర్ అనియు, మనము వ్రాసి మార్చుకొను ఆదేశములను సాఫ్ట్‌వేర్ అనియు అందురు గదా. ఈ రెంటికిని నడుమ నిలుచునట్టి, యంత్రములోనే నాటుకొనియుండు ఆదేశములకు ఆషర్ ఓప్లర్ 1967లో ఫర్మ్‌వేర్ అని పేరు పెట్టినాడు. నేటి నిల్వ పెట్టెలో ఈ మాటకు అర్థము విస్తరించి, పెట్టెను నడుపు మొత్తము వ్యవస్థకే అది పేరైనది.

నాలుగవది, అన్నిటికంటె పైది, సంభాషణ. పెట్టె తన వద్ద ఉన్నదానిని ఇతర యంత్రములకు ఏ నియమముల ప్రకారము అందించునో ఆ నియమావళినే ప్రోటోకాల్ అందురు. ఫర్మ్‌వేర్ మార్పు సాధారణముగా మన దస్త్రములున్న భాగమును ముట్టదు. మారునది పై రెండు పొరలు మాత్రమే. కనుక "పెట్టె కనబడలేదు" అనగానే మొదట అనుమానింపవలసినది అడుగున ఉన్న డిస్కును కాదు, పైనున్న సంభాషణను.

మన ప్రాంతపు ఉపమానమొకటి ఇచ్చట చెప్పవచ్చును. ధర్మవరము నుండి ముదిగుబ్బ, కదిరి మీదుగా పాకాలకు పోవు రైలు మార్గము మొదట మీటరు గేజి మార్గము. దాని పట్టాల నడిమి దూరము 1000 మిల్లీమీటర్లు. తరువాత దానిని బ్రాడ్ గేజిగా మార్చిరి. ఇపుడు ఆ దూరము 1676 మిల్లీమీటర్లు. ఊరు కదలలేదు, సరకులు ఎచ్చటికిని పోలేదు. కాని పాత మీటరు గేజి పెట్టె ఒకటి వచ్చి ఈ పట్టాల మీద నిలువజాలదు. ఫర్మ్‌వేర్ మారిన పిదప పాత కంప్యూటరునకు నిల్వ పెట్టె అందకపోవుట తరచుగా ఇట్టిదే.

ఒక భాష పుట్టుక

1980ల ఆరంభమున కార్యాలయములకు చిన్న కంప్యూటర్లు వచ్చినవి. పెద్ద డిస్కు ఒక్క యంత్రమునకే ఉండెను. తక్కినవి దానిని పంచుకొనవలసివచ్చెను. ఈ పనికై ఐ.బి.ఎమ్. ఇంజనీరు బారీ ఫైగెన్‌బామ్ 1983 ప్రాంతమున ఒక ప్రోటోకాల్‌ను రచించినాడు. దాని పేరు సర్వర్ మెసేజ్ బ్లాక్, పొట్టిగా ఎస్.ఎమ్.బి. "ఈ పేరుగల దస్త్రమును తెరువుము, ఇంత భాగము పంపుము, ఇక మూయుము" అను చిన్న చిన్న సందేశములే ఈ భాష. మైక్రోసాఫ్టు సంస్థ దీనిని స్వీకరించి, పెంచి, విండోస్‌లో చేర్చినది.

ఈ భాషలో చక్కని ఏర్పాటొకటి కలదు. కంప్యూటరు పెట్టెను పలకరించునపుడు మొట్టమొదట, తనకు వచ్చిన మాండలికముల పట్టికను పంపును. పెట్టె అందులో తనకును తెలిసినదానిని ఎన్నుకొనును. ఆ పిమ్మటనే పని మొదలగును. ఇరువురికిని తెలిసిన మాండలికము ఒక్కటియు లేనిచో సంభాషణ అంతటితో ఆగిపోవును. మాండలికమను మాట నేను ఉపమానముగా వాడినది కాదు. ఆ ప్రోటోకాల్‌ను రచించినవారు వాడిన మాటకే తెలుగు.

మైక్రోసాఫ్టు యంత్రములు కానివాటికి ఈ భాషను నేర్పినవాడు ఆండ్రూ ట్రిడ్జెల్. ఆయన ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో పరిశోధక విద్యార్థిగా ఉన్న కాలమున, 1991 చివర, 1992 ఆరంభమున, తీగపై పోవుచున్న సందేశములను గమనించుచు వాటి నియమములను ఊహించి ఒక ప్రోగ్రామును వ్రాసినాడు. పరాయి దేశపు హోటలులో కూర్చుండి, ఎవరేమి అడిగిన ఏమి వచ్చుచున్నదో చూచి భాష నేర్చుకొనుట వంటి పద్ధతి ఇది. ఎస్, ఎమ్, బి అను మూడు అక్షరములు వరుసగా వచ్చు మాటకై నిఘంటువును వెదకి దానికి 'సాంబా' అని పేరు పెట్టినాడు. ఇది అందరును ఉచితముగా వాడుకొనదగినది. నేటి ఇంటి నిల్వ పెట్టెలలో అధిక భాగము లినక్స్ పైన సాంబా నడుచునవే.

ఎస్.ఎమ్.బి. మొదటి మాండలికము చిన్న కార్యాలయమునకై పుట్టినది. అచ్చట అందరును తెలిసినవారే. తలుపు గట్టిగా వేయవలెనను తలంపు తక్కువ. 2006లో విండోస్ విస్టాతో రెండవది, 2012లో విండోస్ 8తో మూడవది వచ్చినవి. మూడవదానిలో సందేశములను రహస్య లిపిలో పంపు వీలు కలిగెను. ఐనను పాత యంత్రముల కొరకు మొదటిదానిని ఎవరును తీసివేయలేదు.

2017 మే నెల

పాత తలుపును తెరచి ఉంచినందువలన కలుగు ఫలితము 2017 మే 12న తెలియవచ్చెను. మొదటి మాండలికమును నడుపు విండోస్ భాగములో ఒక లోపము ఉండెను. మైక్రోసాఫ్టు అదే సంవత్సరము మార్చి 14న దానికి సవరణను విడుదల చేసినది. ఏప్రిల్ 14న 'ఎటర్నల్ బ్లూ' అను పేరుగల దాడి సాధనమొకటి బహిరంగమైనది. అది ఈ లోపముగుండ చొరబడునది. మే 12న దానిని వాడుకొని 'వాన్నక్రై' అను కీటకము బయలుదేరి, ఎవరును ఏమియు నొక్కకయే యంత్రము నుండి యంత్రమునకు ప్రాకినది. దస్త్రములను తాళము వేసి, 300 డాలర్ల విలువగల బిట్‌కాయిన్ అడిగినది. 150 దేశములలో రెండు లక్షలకు పైగా యంత్రములు దీనికి గురియైనవని యూరోపోల్ లెక్కకట్టినది. బ్రిటనులో ఆసుపత్రుల పని ఆగినది.

ఆంధ్రప్రదేశ్‌లో దీని దెబ్బ పోలీసు శాఖకు తగిలినది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నము, శ్రీకాకుళము జిల్లాలలోని పోలీసు కార్యాలయపు కంప్యూటర్లు తాళము పడినవి. సవరణ వెలువడి అప్పటికి రెండు నెలలు కావచ్చెను. ఆ సవరణను వేసికొనియున్న యంత్రము ఈ కీటకమునకు చిక్కదు.

అపుడు మైక్రోసాఫ్టు అధిపతి సత్య నాదెళ్ల. ఆయన కుటుంబపు మూలము అనంతపురము జిల్లా బుక్కాపురము. 2014 ఏప్రిల్‌లోనే ఆదరణ ముగించిన విండోస్ ఎక్స్.పి.కి సైతము ఆ సంస్థ ఈ సమయమున ప్రత్యేకముగా సవరణను ఇచ్చినది. మొదటి మాండలికమును వాడుట మానుడని ఆ సంస్థలో ఆ భాష బాధ్యత వహించిన నెడ్ పైల్ 2016 సెప్టెంబరులోనే వేడుకొనియుండెను. వాన్నక్రై తరువాత ఆ మాట చెవికెక్కినది.

2017 శరత్కాలమున వచ్చిన విండోస్ 10 రూపము మొదటి మాండలికము లేకుండగనే వెలువడెను. 2019 సెప్టెంబరులో సాంబా 4.11 దానిని మూసి ఉంచినది. నిల్వ పెట్టెలను చేయు సంస్థలు తమ ఫర్మ్‌వేర్‌లలో ఇదే మార్గమును అనుసరించినవి. రాత్రి ఫర్మ్‌వేర్ మార్చిన ఇంట తెల్లవారి పాత టెలివిజనుకు ఫొటోలు అందకపోవుటకు అనేక సందర్భములలో మూలము ఇదియే.

వెదకవలసిన క్రమము

చరిత్ర తెలిసినచో వెదకు పద్ధతి దానంతట అదియే ఏర్పడును. మొదటి ప్రశ్న "ఏమైనది?" కాదు, "ఎవరికి కనబడుట లేదు?" అనునది.

ఏ యంత్రమునకును కనబడక, పెట్టె యొక్క నిర్వహణ పుట కూడ బ్రౌజరులో తెరువబడనిచో చిరునామాను అనుమానింపవలెను. ఇంటి యంత్రములకు 192.168తో మొదలగు సంఖ్యలను రౌటరు పంచిపెట్టును. ఆ సంఖ్యలను ప్రైవేటు వాడుకకై కేటాయించిరి. రౌటరు ఇచ్చు చిరునామా కొంత కాలమునకు అద్దెకిచ్చినట్టిది. పెట్టె ఆగి మరల లేచునపుడు 192.168.1.20కి బదులు 192.168.1.27 రావచ్చును. రౌటరు పట్టికలో చూచినచో క్రొత్త సంఖ్య తెలియును. దానిని పెట్టెకు స్థిరముగా కట్టబెట్టవచ్చును.

చిరునామాను టైపు చేసినచో తెరువబడుచు, 'నెట్‌వర్క్' అను జాబితాలో మాత్రము పేరు లేనిచో, పోయినది జాబితా మాత్రమే. విండోస్‌లో ఇరుగుపొరుగు యంత్రముల పేర్లను సేకరించు పాత ఏర్పాటు మొదటి మాండలికముపై ఆధారపడినది; దానితో పాటు అదియు పోయినది. చిరునామాతోనే ఒక డ్రైవు అక్షరమును ఏర్పరచుకొనిన చాలును.

క్రొత్త కంప్యూటరునకు అంది, పాత ఎక్స్.పి. యంత్రమునకో, పాత టెలివిజనుకో, దస్త్రములను పంపు పాత జిరాక్సు యంత్రమునకో అందనిచో అది మాండలికపు భేదము. దీనికి విరుద్ధముగా, పాతవాటికి అంది అతి క్రొత్త విండోస్‌కు అందనిచో సంకేతపదము లేని అతిథి ప్రవేశమును చూడవలెను. 2024లో వచ్చిన విండోస్ 11 రూపము సంతకము లేని సందేశములను సామాన్యముగా ఒప్పుకొనదు. పెట్టెలో పేరు, సంకేతపదము గల వినియోగదారుని సృష్టించినచో చాలవరకు ఈ చిక్కు తీరును.

నిర్వహణ పుటయే "డిస్కు చెడినది" లేక "కూటమి బలహీనమైనది" అని చెప్పినచో మాత్రము విషయము అడుగు పొరకు దిగినదన్నమాట. అపుడు ఇతర ప్రయత్నములు మాని, చదువ వీలైనదానికెల్ల మొదట నకలు తీసికొనవలెను.

ఒక్కొక్కసారి ఒక్క మార్పే చేయుట, చేసినదానిని వ్రాసికొనుట, పనిచేయు యంత్రముతో పనిచేయని దానిని పోల్చుట, ఇవి ప్రయోగశాలలో విద్యార్థులకు మనము నేర్పు నియమములే.

చేయరాని పనులు

'ఇనిషియలైజ్' అను బొత్తామును నొక్కరాదు. అది క్రొత్త డిస్కును సిద్ధము చేయునది. పాత డిస్కుపై నొక్కినచో ఉన్నది పోవును. డిస్కులను తీసి వరుస మార్చి పెట్టరాదు. పాత యంత్రమొకటి మొరపెట్టుచున్నదని మొదటి మాండలికమును మరల తెరువుటయు తగదు. పనియేమో వెంటనే జరుగును, కాని 2017లో కీటకము వాడుకొనిన మాండలికము తిరిగి ఇంటిలోనికి వచ్చును. ఒక్క పాత పెట్టె కొరకు మార్గమంతయు మరల మీటరు గేజి చేయుదుమా? సరకును దింపి క్రొత్త బండికి ఎక్కింతుము. అట్లే పాత యంత్రములోని దస్త్రములను యు.ఎస్.బి. డ్రైవుతో మోసికొనిపోవుట మేలు.

ఇన్ని చిక్కులున్నచో ఫర్మ్‌వేర్‌ను మార్చకుండుటయే మంచిది కాదా యని కొందరు అడుగవచ్చును. 2021 జూన్‌లో జరిగినది దీనికి సమాధానము. వెస్ట్రన్ డిజిటల్ సంస్థ చేసిన 'మై బుక్ లైవ్' అను పెట్టెలకు 2015 తరువాత సవరణలు రాలేదు. వాటిలోని లోపమును కనిపెట్టినవారు ఇంటర్నెట్టు గుండ ఆ పెట్టెలకు "మొదటి స్థితికి పొమ్ము" అను ఆజ్ఞను పంపిరి. అనేక దేశములలోని ఇండ్లలో దస్త్రములు తుడిచివేయబడినవి. రెయిడ్ కూటమి ఇట్టిచోట రక్షింపలేదు. జంట డిస్కులలో ఒకదానిలో చెరిగినది రెండవదానిలోను చెరుగును. రెయిడ్ డిస్కు చెడుట నుండి కాపాడును గాని తప్పు ఆజ్ఞ నుండి కాపాడదు. వేరొక చోట ఉన్న వేరొక నకలే రక్షణ.

కావున ఫర్మ్‌వేర్‌ను మార్చవలసినదే, సిద్ధపడి మార్చవలెను. ప్రతి పెట్టెకు జాతక పత్రమువంటి కాగితమొకటి ఉండవలెను. దాని చిరునామా, ఫర్మ్‌వేర్ సంఖ్య, డిస్కుల వరుస, వినియోగదారుల పేర్లు, దానిని వాడు యంత్రముల పట్టిక, నకలు తీసిన తేదీ అందులో వ్రాసి పెట్టవలెను. సంకేతపదమును మాత్రము అందులో వ్రాయరాదు. పాఠశాలలో ఇట్టి పెట్టె ఉన్నచో ఈ పత్రమును తయారుచేయు పనిని పదవ తరగతి విద్యార్థులకు అప్పగింపవచ్చును. వారు ఒక్క మధ్యాహ్నములో పూర్తి చేయగలరు. పెట్టెలోని నాలుగు పొరలును వారికి ఆ పనిలోనే బోధపడును.