మంటకు సాక్షి

పుదుచ్చేరిలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఇంట్లో మీకొక పాత అంబాసిడర్ కారు ఉందనుకోండి. కార్తీకమాసపు వానలో స్టార్టయినా మిస్సింగ్ కొడుతోంది, పికప్ లేదు. మెకానిక్కుకు కబురంపే ముందు, ఇంజను చల్లారాక, స్పార్కు ప్లగ్గులు విప్పి చూడండి.

1860లో ఫ్రాన్సులో లెన్వార్ తన గ్యాసు ఇంజనును విద్యుత్ రవ్వతో మండించాడు. 1902లో జర్మనీలో బాష్ సంస్థ ఇంజనీరు హోనోల్డ్ హైటెన్షన్ మాగ్నెటోకు జతగా నమ్మకమైన ప్లగ్గును రూపొందించాడు. సిలిండరులోని మంటను దగ్గరుండి చూసి బయటికి వచ్చే సాక్షి అదే.

దాని మూతి లేత గోధుమ రంగులో ఉంటే మంట సరిగా ఉన్నట్లే. పొడి మసి పట్టిందా? గాలికి మించి పెట్రోలు పోతోంది. ఎయిర్ ఫిల్టరు, కార్బురేటరు చూడండి. తెల్లబడి పొక్కులు లేచిందా? పెట్రోలు చాలక అతిగా వేడెక్కుతూ ఉండవచ్చు. నూనె తడి కనిపిస్తే రింగులు అరిగాయేమో. అది ఇంట్లో తేలే పని కాదు. అన్నట్లు, పాత పుస్తకాల్లోని రంగులు సీసం కలిపిన పెట్రోలు నాటివి. 2000లో దేశమంతటా సీసం తీసేశాక అవి కాస్త వెలిశాయి.

ప్లగ్గులు బాగుంటే డిస్ట్రిబ్యూటర్ మూత తీయండి. ఉప్పుగాలి, తేమ కలిసి పొరకడితే విద్యుత్తు ప్లగ్గు దాకా చేరకుండా ఆ పొర మీదుగా జారిపోతుంది. పొడిగుడ్డతో తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది.

అమెరికాలో 1996 నుంచి కొత్త కార్లలో ఈ సాక్ష్యం కంప్యూటరు చెబుతోంది. మన కార్లలోనూ ఇప్పుడదే ఏర్పాటు. స్కానరు తగిలిస్తే ‘పి0300’ అని చూపవచ్చు. మిస్సింగ్ ఉందని దానర్థం. తప్పు ప్లగ్గుదా, కాయిలుదా, పెట్రోలుదా? అది తేలాలంటే మళ్లీ ప్లగ్గు విప్పాల్సిందే.