మలికా మార్తా తస్వీర్లు

రష్యా మలికా కేథరీన్ అనగానే చాలామందికి కేథరీన్ ది గ్రేట్ గుర్తొస్తుంది. ఆవిడ పుట్టుకతోనే జర్మన్ షహజాదీ. నేను చెప్పేది ఆమెకంటే ముందటి కేథరీన్ సంగతి. అసలు పేరు మార్తా. 1684లో, బాల్టిక్ తీరంలోని లివోనియాలో ఒక గరీబు ఇంట పుట్టింది. చిన్నప్పుడే యతీమ్ అయింది. మారియన్‌బర్గ్‌లో గ్లూక్ అనే పాదిరీ ఇంట్లో పనిచేస్తూ పెరిగింది. ఆయన బైబిల్‌ను లాట్వియన్ జబాన్‌లోకి తర్జుమా చేసిన ఆలిమ్. అలాంటి ఇంట్లో ఉండీ ఈ పిల్లకు చదువు అబ్బలేదు! 1702లో రష్యన్ ఫౌజు ఆ ఊరిని పట్టుకుని ఆమెను ఖైదీగా తీసుకెళ్లింది. పదేళ్లకు, 1712లో, జార్ పీటర్ అందరి ముందూ ఆమెను పెళ్లాడాడు.

1717లో హాలండ్‌లో ఫ్రెంచి ముసవ్విర్ నాటియే ఆమె తస్వీరు గీశాడు. ఇప్పుడది సెయింట్ పీటర్స్‌బర్గ్ హెర్మిటేజ్‌లో ఉంది. వెండి జరీ లిబాసు, నిండైన చెంపలు, నల్లటి కళ్లు, ఛాతీ మీద సెయింట్ కేథరీన్ తమ్ఘా. దాదాపు అవే రోజుల్లో బెర్లిన్‌లో ఆమెను చూసిన ప్రష్యా షహజాదీ విల్హెల్మీనా తన జ్ఞాపకాల్లో వేరే తస్వీరు గీసింది. పొట్టి, లావు, చామనఛాయ. పాతబట్టల బజారులో కొన్నట్టున్న లిబాసు, దానినిండా వెండి, మురికి. నడుస్తుంటే తమ్ఘాలు గలగలమని కంచరగాడిద వస్తున్నట్టుందట. వెండి ఇద్దరికీ కనబడింది, మురికి ఒక్కరికే! విల్హెల్మీనా అప్పటికి పదేళ్లు నిండని పిల్ల, రాసింది పెద్దయ్యాక. నాటియేతో తస్వీరు గీయించుకున్నదేమో జార్. ఇద్దరి గవాహీనీ పూర్తిగా నమ్మలేమని నా రాయ్.

ఆ తమ్ఘా వెనక ఉస్మానియా సల్తనత్ ఉంది. 1711లో ప్రుత్ నది దగ్గర ఉస్మానీ ఫౌజు పీటర్‌ను చుట్టుముట్టింది. సులహ్ చేసుకుని, అజోవ్ కోట తిరిగిస్తానని ఒప్పుకుని బయటపడ్డాడు. కేథరీన్ తన జేవరంతా వజీరె ఆజమ్ బల్తాజీ మెహ్మద్ పాషాకు రిష్వత్‌గా పంపిందని ఒక కథ పుట్టింది. తుర్కీలో జనం ఇంకో అడుగు ముందుకేసి, ఆమే ఆయన ఖైమాలోకి వెళ్లిందన్నారు. దీనికి సుబూత్ ఏదీ లేదు. సులహ్ మాటలు నడిపింది షఫీరోవ్ అనే రష్యన్ అధికారి. అటువైపు యెనిచెరీ సిపాయిలూ భారీగా దెబ్బతిని, మళ్లీ దాడికి వెనకాడుతున్నారు. ఇవేవీ కథకు పనికిరావు కదా, ఒక ఆడదాని ఇజ్జత్ అయితే పనికొస్తుంది. వజీరు ఓహ్దా కోల్పోయి, జలావతన్‌లో 1712లో చనిపోయాడు. ఆయన మీదా ఆ తొహ్మత్ ఇప్పటికీ పోలేదు. పీటర్ మాత్రం ప్రుత్‌లో ఆమె చూపిన హిమ్మత్‌కు యాద్‌గార్‌గా 1714లో ఆ తమ్ఘా ఇచ్చాడు. అక్కడ ఆమె మర్దులా నిలబడిందని 1723 ఫర్మాన్‌లో రాయించాడు.

1725లో షౌహర్ పోయాక తఖ్త్ ఆమెదైంది. దస్తఖత్ కూడా కూతురు ఎలిజబెత్ చేసిపెట్టేదని చెబుతారు. కానీ తన ఖాందాన్‌ను ఆమె దాచలేదు. పల్లెల్లో బతుకుతున్న తోబుట్టువులను రాజధానికి పిలిపించుకుంది, స్కవ్రోన్‌స్కీలకు కౌంట్ హోదా ఇచ్చింది. 1727లో, 43 ఏళ్లకే ఇంతెఖాల్ అయింది.

ఆమె పాలించిన ఆ రెండేళ్ల నాటిదే ఇవాన్ అడోల్‌స్కీ గీసిన తస్వీరు. అందులో మలికా పక్కన ఒక హబ్షీ పిల్లవాడు నౌకరుగా నిలబడి ఉన్నాడు. తస్వీరు పేరులో మలికా పేరుంది. పిల్లవాణ్ని మాత్రం ‘నల్ల కుర్రవాడు’ అని రాసి వదిలేశారు.