పక్కింటి రుమాలు

మే 18 వచ్చిందంటే బ్రూక్లిన్‌లో మా ఫ్లాట్‌బుష్ పేటలో ఎటు చూసినా ఎరుపూ నీలమే. అది హైతీ జెండా పండుగ. 1803లో దెస్సలీన్ అనే సేనాని ఫ్రెంచి జెండాలోంచి తెల్ల పట్టీని చింపేస్తే, మిగిలిన రెండు ముక్కల్నీ కాతరీన్ ఫ్లోన్ అనే ఆమె కలిపి కుట్టిందని హైతీవాళ్లు చెప్పుకుంటారు.

అమెరికా పౌరసత్వ పరీక్షకు చదివేటప్పుడు, 1803లో ఫ్రాన్స్ దగ్గర కొన్న ప్రాంతం లూసియానా అని బట్టీ పట్టాను. ఎందుకు అమ్మారో ఆ పుస్తకం చెప్పలేదు. అప్పటికి ఫ్రాన్స్ వలసగా ఉన్న హైతీలో, బానిసల తిరుగుబాటులో తన సైన్యం చాలామట్టుకు పోయాక నెపోలియన్‌కి ఆ నేల మీద ఆశ చచ్చింది. ఆ బేరంతో అమెరికా ఇంచుమించు రెట్టింపైంది. 1804లో స్వతంత్రమైన హైతీని మాత్రం 1862 దాకా గుర్తించలేదు.

ఈ సంగతులు నాకు మా పక్కింటి గ్రాన్ వల్ల తెలిశాయి. గ్రాన్ అంటే వాళ్ల క్రియోల్‌లో అమ్మమ్మ. హైతీని ఏలిన దువాలియే తండ్రీకొడుకుల నియంతృత్వం నుంచి పారిపోయి వచ్చిన కుటుంబం. వాళ్ల గోడ మీద ఆవిడ తల్లి స్టూడియో ఫొటో ఉంది. నలుపు తెలుపే అయినా తలకు చుట్టిన రుమాలు గళ్లు లెక్కపెట్టొచ్చు. దాని మీద వేలు పెట్టి “మద్రాస్” అంది. నా ఒళ్లు జలదరించింది. సముద్రాలు దాటిన మద్రాసు రుమాళ్లను మా చీరాల మగ్గాల మీదా నేసేవారు.

తలరుమాలుకి ఇంకో కథా ఉంది. 1786లో, అప్పటికి స్పెయిన్ ఏలుబడిలో ఉన్న ఆ లూసియానాలోనే, నల్లజాతి స్త్రీలు జుట్టు కనబడకుండా గుడ్డ కట్టుకోవాలని గవర్నరు ఆజ్ఞ వేశాడు. తలవంచుకుని తిరగాలని వేసిన ఆజ్ఞ అది. వాళ్లు ఆ గుడ్డనే రంగురంగులుగా, ఎత్తుగా, దర్జాగా చుట్టారు.

ఆ దర్జాకి వారసురాలు ఫాబియోలా జాన్ లూయీ. హైతీలోని పోర్టో ప్రిన్స్‌లో పుట్టి బ్రూక్లిన్‌లో పెరిగిన కళాకారిణి. యూరప్ దొరసానుల గౌన్లను కాగితంతో చేసి, నల్లజాతి స్త్రీలకు తొడిగి ఫొటోలు తీస్తుంది. ఒక ఫొటోలో, అలాంటి గౌను పక్కనే చిత్రపటంలో కొరడా దెబ్బలకు చీలిన వీపు. అంతటి పట్టూ జరీ ఎవరి చెమటతో వచ్చాయో అడగక్కర్లేదు.

మొన్న పండుగనాడు గ్రాన్ నన్ను తన ఫొటో తీయమంది. రుమాలు మూడుసార్లు విప్పి కట్టుకుంది. నాలుగోసారి ముడి బిగించడానికి ఒక కొస నా చేతికిచ్చింది. గట్టిగా పట్టుకున్నాను.