పాల నమూనా నాలుగు భాగాలు: కల్తీపై చట్టం నడిచే తీరు

నీళ్లు కలిపిన పాలను, యూరియా కలిపిన పాలను, నూనెతో తయారుచేసి పనీర్ పేరుతో అమ్మే దిమ్మెను జనం ఒకే మాటతో కల్తీ అంటారు. చట్టం వీటిని వేరువేరుగా చూస్తుంది. 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం స్థానంలో, 2006లో రూపొందిన ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2011 ఆగస్టు 5 నుంచి అమలులో ఉంది. దీని ప్రకారం నాసిరకం సరుకుకు 5 లక్షల రూపాయల వరకు, తప్పుడు లేబుల్‌కు 3 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. ఆ నిర్ణయం అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తగ్గని అధికారిది. ప్రాణహాని కలిగించే అసురక్షిత ఆహారమైతే కేసు న్యాయస్థానానికి వెళుతుంది. మరణం సంభవిస్తే శిక్ష ఏడేళ్ల నుంచి యావజ్జీవం వరకు ఉంటుంది.

కేసు నిలబడేదీ వీగిపోయేదీ చాలావరకు నమూనా దగ్గరే. ఆహార భద్రతాధికారి ధర చెల్లించి సరుకు తీసుకుని, నాలుగు భాగాలు చేసి సీలు వేయాలి. ఒకటి ఆహార విశ్లేషకునికి వెళుతుంది. రెండు నియమిత అధికారి భద్రతలో ఉంటాయి. నాలుగోదాన్ని వ్యాపారి కోరితే గుర్తింపు పొందిన మరో ప్రయోగశాలకు పంపుతారు. పాలు విరిగిపోకుండా ఫార్మలిన్ కలుపుతారు. అమ్మకందారు వేస్తే నేరమయ్యే పదార్థమే ఇక్కడ సాక్ష్యాన్ని కాపాడుతుంది! విశ్లేషకుడు 14 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. దానిపై 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. రెఫరల్ ప్రయోగశాల ఇచ్చే ఫలితమే అంతిమం.

2018లో జాతీయ ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 1,103 పట్టణాల నుంచి 6,432 పాల నమూనాలను పరీక్షింపజేసింది. డిటర్జెంటు, యూరియా వంటివి బయటపడినవి 12 మాత్రమే. అయితే వాటిలో 9 తెలంగాణవే. దేశం మొత్తంమీద 41 శాతం నమూనాలు కొవ్వు, ఘన పదార్థాల వంటి నాణ్యతా ప్రమాణాలలో ఏదో ఒకదానికి తగ్గాయి. 5.7 శాతంలో అఫ్లాటాక్సిన్ ఎం1 పరిమితి దాటింది. బూజుపట్టిన దాణా ద్వారా పశువుల నుంచి పాలలోకి చేరే ఈ విషం దాడులతో ఆగేది కాదు; నిఘా పశువుల కొట్టం దాకా వెళ్లాలి.

నెయ్యిలో ఇతర కొవ్వును కనిపెట్టడం ఇంకా కష్టం. తిరుమల లడ్డూ నెయ్యి వివాదానికి మూలమైనది ఆనంద్‌లోని జాతీయ పాడి అభివృద్ధి మండలి ప్రయోగశాల 2024 జులైలో ఇచ్చిన నివేదిక. ఆ ఏడాది అక్టోబరు 4న సుప్రీంకోర్టు ఏర్పాటుచేసిన అయిదుగురు సభ్యుల దర్యాప్తు బృందంలో ఇద్దరు సీబీఐ, ఇద్దరు రాష్ట్ర పోలీసు అధికారులతోపాటు ఆహార భద్రతా సంస్థకు చెందిన అధికారికీ చోటు దక్కింది.

కొనుగోలుదారుకూ ఈ చట్టం ఒక హక్కు ఇచ్చింది. రుసుము చెల్లించి, కొన్న సరుకును ఆహార విశ్లేషకుని చేత పరీక్షింపజేసుకోవచ్చు. ఆ ఉద్దేశాన్ని కొనేటప్పుడే అమ్మకందారుకు తెలపాలి. దోషం తేలితే రుసుము తిరిగి వస్తుంది.