బన్‌గావ్ కాందిశీకులు నేర్పిన వైద్యం

విరేచనాలు పట్టుకున్న పిల్లవాడిని ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళితే ముందుగా చేతికిచ్చేది ఓ.ఆర్.ఎస్. పొట్లం. లీటరు నీళ్లలో కలిపి గుక్కగుక్కగా తాగించమంటారు. మీలో చాలామంది ఆ ఉప్పుతీపి నీళ్లు తాగే ఉంటారు. ఇంత మామూలు పొట్లానికి చరిత్ర ఏముంటుంది అనుకుంటున్నారా? ఉంది. ప్రయోగశాలల్లో మొదలైన ఆ చరిత్ర, 1971లో ప్రాణాలు అరచేత పట్టుకుని సరిహద్దు దాటివచ్చిన కాందిశీకుల మధ్య మలుపు తిరిగింది.

కోటిమంది వలస

1971 మార్చి 25 రాత్రి అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో సైనిక దాడి మొదలైంది. ఆ తరువాత తొమ్మిది నెలల్లో దాదాపు కోటిమంది భారతదేశానికి తరలివచ్చారు. పశ్చిమ బెంగాల్, త్రిపుర, మేఘాలయ, అస్సాంలలో శిబిరాలు వెలిశాయి. కలకత్తా శివారులోని సాల్ట్ లేక్‌లో మురుగునీటి కాలువల కోసం తెచ్చి ఉంచిన సిమెంటు గొట్టాల్లోనే ఎన్నో కుటుంబాలు తలదాచుకున్నాయి.

వర్షాకాలం వచ్చింది. తాగే నీళ్లు, మురుగునీళ్లు ఏకమయ్యాయి. నడిచి నడిచి నీరసించిన మనుషులు, తిండి చాలని పిల్లలు, కిక్కిరిసిన గుడారాలు! కలరాకు ఇంతకంటే ఏం కావాలి?

కలరా ఎలా చంపుతుంది?

కలరా క్రిమి పేగును కొరికి తినదు. అది ఒక విషపదార్థాన్ని విడుదల చేస్తుంది. ఈ సంగతిని 1959లో కుందేళ్ల పేగులపై ప్రయోగాలు చేసి నిరూపించినవాడు కలకత్తా శాస్త్రజ్ఞుడు శంభునాథ్ డే. ఆ విషం సోకిన చిన్నపేగు కణాలు, కట్టెయ్యకుండా వదిలేసిన కుళాయిలా లవణాలను బయటికి పోస్తూనే ఉంటాయి. వాటి వెంట నీరూ పోతుంది. వ్యాధి ముదిరితే పెద్దవారికి గంటకు లీటరు వరకూ నీరు పోవచ్చు. రక్తం చిక్కబడి, నాడి అందక, కొద్ది గంటల్లోనే ప్రాణం పోతుంది.

పోయిన నీటిని తిరిగి ఇస్తే రోగి బతుకుతాడు. అయితే ఎలా ఇవ్వాలి? ఉత్త నీళ్లు తాగిస్తే పేగు సరిగా పీల్చుకోదు. అందుకే రక్తనాళంలోకి సెలైన్ ఎక్కించేవారు. దానికి శుద్ధిచేసిన ద్రవం, సీసాలు, సూదులు, నాడి పట్టి సూది గుచ్చగల సిబ్బంది కావాలి.

గ్లూకోజ్ తెరిచిన తలుపు

1960లో అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ క్రేన్ ఒక ప్రతిపాదన చేశాడు. పేగు కణాల గోడలో ఒక ప్రత్యేకమైన తలుపు ఉంది. గ్లూకోజ్, సోడియం రెండూ కలిసి వస్తేనే అది తెరుచుకుంటుంది. అవి లోపలికి పోతే వాటి వెంట నీరూ పోతుంది. కలరా విషం ఈ తలుపును మూయలేదని తరువాత తేలింది. అంటే ఒకవైపు నీరు కారిపోతున్నా, మరోవైపు నుంచి నీటిని లోపలికి పంపవచ్చన్నమాట.

అయితే పాళ్లు కుదరాలి. ద్రావణం మరీ చిక్కగా ఉంటే ద్రవాభిసరణ వల్ల శరీరంలోని నీరే పేగులోకి వచ్చేస్తుంది. 1960ల ఆరంభంలో ఫిలిప్పీన్స్‌లో ఇటువంటి చిక్కటి ద్రావణం ఇచ్చినప్పుడు కొందరు రోగులు మరణించారు. డాక్టర్లు జంకారు. 1968లో ఢాకాలో డేవిడ్ నలిన్, రిచర్డ్ క్యాష్ అనే యువ వైద్యులు పాళ్లు సరిచూసి, తాగించిన ద్రావణంతో సెలైన్ అవసరాన్ని సుమారు 80 శాతం తగ్గించవచ్చని చూపారు. కలకత్తాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నడిపిన వైద్య పరిశోధన, శిక్షణ కేంద్రంలోనూ ఇటువంటి ఫలితాలే వచ్చాయి. కాని ఇవన్నీ ఆసుపత్రి పడకల మీద, నిపుణుల కళ్లెదుట జరిగినవి. బురదలోని గుడారాల్లో ఇది పనిచేస్తుందా? ఎవరికీ తెలియదు.

బన్‌గావ్‌లో ఏం జరిగింది?

ఆ కలకత్తా కేంద్రంలో దిలీప్ మహలనబిస్ అనే పిల్లల డాక్టరు పనిచేసేవారు. ఆయన 1934లో, ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న కిశోర్‌గంజ్‌లో పుట్టారు. 1971 జూన్ నెలాఖరులో ఆయన బృందం సరిహద్దు దగ్గరి బన్‌గావ్ ఆసుపత్రికి చేరింది. అక్కడ రెండు గదుల నిండా కలరా రోగులు నేలమీదే పడి ఉన్నారు. వాంతులు, విరేచనాలతో తడిసిన ఆ నేలమీదే మోకాళ్లూని వైద్యం చేయవలసి వచ్చింది. సెలైన్ సీసాలు చాలవు. సూది గుచ్చడం బాగా వచ్చినవారు బృందంలో ఇద్దరే!

రెండు రోజుల్లోనే ఆయనకు అర్థమైంది, ఇలా అయితే ఓడిపోతామని. మిగిలిన సెలైన్‌ను స్పృహతప్పే స్థితిలో ఉన్నవారికి ఉంచి, మిగతా అందరికీ తాగే ద్రావణం ఇవ్వాలని నిర్ణయించారు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా. అన్నీ బజారులో దొరికేవే. కలకత్తా కేంద్రంలోని గ్రంథాలయం గదిలో వీటిని తూచి, ప్లాస్టిక్ సంచుల్లో పోసి, ఇస్త్రీపెట్టెతో అంచులు అతికించేవారు. బన్‌గావ్‌లో కుళాయి అమర్చిన డ్రమ్ముల్లో కలిపేవారు. లీటరుకు అయిన ఖర్చు 11 పైసలు.

మరి తాగించేదెవరు? నర్సులు లేరు కదా! రోగి పక్కన కూర్చున్న తల్లి, అక్క, తాత - వారికే పని నేర్పారు. దాహం తీరేదాకా తాగించండి, వాంతి అయినా మళ్లీ తాగించండి. అంతే పాఠం.

8 వారాల్లో సుమారు 3,700 మందికి చికిత్స జరిగింది. అంతకుముందు నూటికి 30 మంది దాకా చనిపోయే చోట, మరణాలు 3.6 శాతానికి దిగాయి. ఈ ఫలితాలు 1973లో ప్రచురితమయ్యాయి. బన్‌గావ్‌ను స్వయంగా చూసిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధికారి ధీమాన్ బారువా ఈ పద్ధతిని గట్టిగా సమర్థించారు. 1978లో ఆ సంస్థ అతిసార నివారణ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. 1980లలో బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ కార్యకర్తలు కోటికి పైగా ఇళ్లకు వెళ్లి, చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లంతో ద్రావణం చేయడం తల్లులకు నేర్పారు.

పొట్లం ఉంటే చాలదు

ఇక్కడితో కథ సుఖాంతమైందనుకోకండి. 1994 జులైలో రువాండా నుంచి లక్షలాది కాందిశీకులు అప్పటి జైర్‌లోని గోమాకు చేరారు. కలరా, రక్త విరేచనాలు విరుచుకుపడి మొదటి నెలలోనే దాదాపు 50,000 మంది మరణించారు. అప్పటికి ఓ.ఆర్.ఎస్. ప్రపంచమంతటికీ తెలుసు. సాయానికి వచ్చిన సంస్థలకూ కొదవ లేదు. మరి లోపం ఎక్కడ? ఢాకా నుంచి వెళ్లిన కలరా నిపుణుల బృందం పరిశీలించి చెప్పింది: ద్రవాలు ఇవ్వడంలో ఆలస్యం, తాగించడంలో అశ్రద్ధ, సిబ్బందికి అనుభవం లేకపోవడం. బన్‌గావ్‌లో సామగ్రి లేదు, నేర్పేవారున్నారు. గోమాలో సామగ్రి చేరింది, తర్ఫీదు చేరలేదు.

2017లో మయన్మార్ నుంచి రోహింగ్యాలు బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌కు తరలివచ్చినప్పుడు కలరా కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. ఆ ఏడాది అక్టోబరులోనే లక్షలాది మందికి నోటి టీకా వేశారు. ఇటువంటి చవకైన టీకాల్లో ఒకటైన షాంకోల్ మన హైదరాబాద్‌లో తయారైంది. 2009లో దానికి దేశంలో అనుమతి లభించింది. ఒకప్పుడు కాందిశీకులను పంపిన నేలే, ఇప్పుడు కాందిశీకులను కాపాడే విద్యలో ఆరితేరింది.

దిలీప్ మహలనబిస్ 2022 అక్టోబరులో కన్నుమూశారు. 2023లో ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించారు.

ఇక మీరు చేయగలిగింది ఒకటుంది. లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చిన్న చెంచాతో, గోపురంగా కాకుండా సమంగా కొలవాలి. పొట్లం దొరకనప్పుడు ఈ ద్రావణం అక్కరకొస్తుంది. దీన్ని మీరు నేర్చుకోండి. మీ ఊరికి పనికోసం వలసవచ్చి ఇటుక బట్టీల దగ్గరో, కొత్త కట్టడాల పక్కనో గుడిసెలు వేసుకున్నవారుంటే వారికీ నేర్పండి. బన్‌గావ్‌లో ప్రాణాలు నిలబెట్టింది ఆ నేర్పడమే.